ఎప్పుడూ ఉండేదేలేప్పా

మా ఆవిడ పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. ఆ వీధిలో ఎవరినైనా ఒంట్లో ఎట్లుందని అడిగితే సూటిగా జవాబు రాదు. నడుము పట్టేసి గోడ ఆసరాతో నడుస్తున్న ముసలాయన కూడా "ఎప్పుడూ ఉండేదేలేప్పా" అంటాడు. నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉందో చెప్పే మాట కాదది. నా సంగతి వదిలెయ్, నువ్వు కూర్చో, కాఫీ తాగు అని చెప్పే మాట. మగ్గం మీద పడుగు ఎక్కించాక మధ్యలో లేవడానికి ఉండదు. ఆ పడుగు దిగేదాకా జ్వరమైనా నొప్పైనా ఆగాల్సిందే. అది దిగేలోపల ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. అందుకని అక్కడి వాళ్ళు నొప్పిని ఇంటి మనిషిలాగా చూస్తారు. ఎప్పుడొచ్చిందని లెక్క పెట్టరు, ఎప్పుడు పోతుందని అడగరు.

పెళ్ళయి కడపకు వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె యాస పోలేదు, ఆ మాటా పోలేదు. ఒకసారి కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంది. రక్తం చూసి నేను కంగారు పడితే "ఎప్పుడూ ఉండేదేలే" అంది. ఇప్పుడే కదా తెగింది, ఎప్పుడూ ఉండేదేమిటని నేను నవ్వాను. అప్పుడు అది నవ్వుకునే మాట. దాన్ని పట్టుకుని ఒక కంపెనీ ఆమె ఆపరేషన్ ఆపేస్తుందని నాకు తోచలేదు.

నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, టైం ఆఫీసులో పని చేసి రిటైరయ్యాను. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఎప్పుడు బయటికి పోయారు అన్నది రాయడం నా పని. ఇంటికొచ్చి డైరీ రాయడం నా అలవాటు. ఫ్యాక్టరీలో ఒక దవాఖానా ఉండేది. ఒంట్లో బాగాలేకపోతే టోకెన్ చూపించి లోపలికి పోతే డాక్టరు చూసేవాడు. ఆయనకు కోపం ఎక్కువ, కానీ చూసేవాడు. రిటైరైన రోజున టోకెన్ తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత కొన్నేళ్ళకు బ్యాంకులో పనిచేసే ఒక ఆఫీసరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఈ వయసులో హెల్త్ పాలసీ లేకుండా ఉండకూడదని చాలా మర్యాదగా చెప్పాడు. జేబులోంచి రూపాయి తీయాల్సిన పని లేదు సార్, కార్డు చూపిస్తే చాలు అన్నాడు. టోకెన్ లాంటిదే అనుకున్నాను. ఇద్దరి పేరునా తీసుకున్నాను.

పాలసీతో పాటు, అట్ట మీద సంరక్షణ అని అచ్చేసిన ఒక పుస్తకం వచ్చింది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన వాళ్ళు మా వీధిలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. భూతద్దం పెట్టుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. చదివిన కొద్దీ నాకొకటి అర్థమైంది. వీళ్ళు అమ్మేది వైద్యం కాదు, అనుమతి. ఏ ఆసుపత్రికి పోవాలో వాళ్ళ జాబితాలో ఉంటుంది. జాబితాలో లేని చోటికి పోతే ముందు మనమే అంతా పెట్టుకుని తర్వాత బిల్లులు పట్టుకుని తిరగాలి. ఆసుపత్రిలో చేరాక డాక్టరు ఆపరేషన్ చెయ్యాలంటే, ఆ ఆసుపత్రి వాళ్ళు కాగితాలన్నీ పైకి పంపి అడగాలి. పైన అంటే కంపెనీ కూడా కాదు. కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య ఇంకొక ఆఫీసు ఉంటుంది. అక్కడ ఎవరో కూర్చుని చెయ్యొచ్చు, వద్దు అంటారు. ఎన్ని రోజులు ఉంచాలో కూడా వాళ్ళే చెప్తారు. రోగి ముఖం వాళ్ళు చూడరు.

గది సంగతి ఇంకా చిత్రం. మన పాలసీకి ఇంత అద్దె గది అని రాసి ఉంటుంది. అది ఖాళీ లేక పెద్ద గదిలో పడుకుంటే, ఎక్కువైన అద్దె ఒక్కటే మన మీద వేస్తారనుకున్నాను. కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు, అన్నింటిలోనూ అదే వంతున కోస్తారు. మంచం మారితే కత్తి ఖరీదు కూడా ఎందుకు మారుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఆగే కాలం. కొన్ని జబ్బులకు రెండేళ్ళు ఆగాలి. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బులకైతే మూడేళ్ళు. మాకు రెండేళ్ళు నిండాయి, మూడు నిండలేదు. ఆ సందులోనే మా ఆవిడకు నొప్పి వచ్చింది.

మంత్రాలయం పోయి వస్తున్నాం. రైల్లో ఆమె కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నుదుటి మీద చెమట. ఏమైందంటే మఠంలో భోజనం ఎక్కువైందంది. ఇంటికి వచ్చినాక వాంతులు. మా వీధి చివర డాక్టరు స్కానింగ్ తీయించాడు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసేయించుకోండి, పెద్ద ఆపరేషన్ కాదు, ఆలస్యం చేస్తే మాత్రం మంచిది కాదన్నాడు. ఆయనకు తెలిసిన సర్జన్ కడపలోనే ఉన్నాడు, మంచివాడని పేరు. జాబితా చూశాను. ఆయన ఆసుపత్రి లేదు. జాబితాలో ఉన్న ఇంకొక దానికి ఫోన్ చేస్తే, పోయిన నెలే మమ్మల్ని తీసేశారు సార్ అన్నారు. మా రకం పాలసీకి మిగిలింది కర్నూలులో ఒకటి. అట్లా, ఇంటికి నాలుగు వీధుల అవతల సర్జన్‌ని పెట్టుకుని, నొప్పితో ఉన్న మనిషిని బస్సులో కూర్చోబెట్టి కర్నూలు తీసుకుపోయాను.

ఆసుపత్రి బాగానే ఉంది. అద్దాలు, చల్లదనం, గణపతి బొమ్మ ముందు నీళ్ళలో పూలు. ఒక కుర్ర డాక్టరు వచ్చి వివరాలు రాసుకున్నాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన పిల్లవాడని మాటను బట్టి తెలిసింది. మర్యాదగానే అడిగాడు, నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా అని.

మా ఆవిడ కొంగు సర్దుకుని, నవ్వుతూ, "ఎప్పుడూ ఉండేదేలేప్పా. పనిలో పడితే పోతాది" అంది.

ఆ పిల్లవాడు రాసుకున్నాడు. ఇంగ్లీషులో ఏం రాశాడో నేను తర్వాత చూశాను. చాలా కాలంగా నొప్పి ఉన్నట్టు రోగి స్వయంగా చెప్పింది అని.

మరునాడు ఆపరేషన్. ఉదయం నుంచి నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆసుపత్రి గౌను తొడిగి, చేతికి సూది పెట్టి మంచం మీద పడుకోబెట్టారు. సర్జన్ సిద్ధం, థియేటర్ సిద్ధం, అనుమతి రాలేదు. కింద ఇన్సూరెన్స్ డెస్క్ అని ఒక బల్ల ఉంది. అక్కడ టై కట్టుకున్న ఒక కుర్రవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నేను దిగి పోయినప్పుడల్లా ప్రాసెస్‌లో ఉంది సార్ అన్నాడు. మధ్యాహ్నానికి పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది, స్కానింగ్ ఫిల్మ్ పంపండని. పంపారు. దాని తర్వాత ఇంకొకటి, పాత మందుల చీటీలు ఏవైనా ఉన్నాయా అని. లేవని రాశారు. రెండూ ఒకేసారి అడగొచ్చు కదా అంటే ఆ కుర్రవాడు, వాళ్ళు ఒకేసారి అడగరు సార్, అది వాళ్ళ పద్ధతి అన్నాడు. సాయంత్రం మూడో ప్రశ్న వచ్చింది. చాలా కాలంగా అంటే ఎంత కాలం?

అప్పటికి ఆమె పెదవులు ఎండిపోయాయి. నర్సు వచ్చి, ఈ పొద్దు లేదులేమ్మా, ఇడ్లీ తినండి అని చెప్పి పోయింది. ఆకలితో ఉన్న మనిషి, నన్ను అడిగిన మొదటి మాట, "నువ్వు తిన్నావా?"

నేను ఆ కుర్ర డాక్టరును వెతికి పట్టుకున్నాను. ఆమె అన్నది మా వైపు మర్యాద మాట, దానికి ఆ అర్థం లేదని వివరించాను. అతను అన్నీ విన్నాడు. "సార్, నేను ఆవిడ చెప్పిందే రాశాను. చెప్పనిది రాస్తే తప్పు, చెప్పింది కొట్టేస్తే ఇంకా పెద్ద తప్పు" అన్నాడు. అందులో అతని తప్పు నాకు కనబడలేదు. టైం ఆఫీసులో నేనూ అట్లాగే రాసేవాణ్ణి.

రెండు రోజుల తర్వాత, విచారణ జరగాలి, అప్పటిదాకా అనుమతి లేదని జవాబు వచ్చింది. మందులిచ్చి ఇంటికి పంపేశారు. బయల్దేరే ముందు డెస్క్ కుర్రవాడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

"అమ్మా, ఇంకోసారి ఎవరడిగినా ఈ పొద్దే మొదలైందని చెప్పాల. నిన్న అని కూడా అనొద్దు. ఈ పొద్దే."

"డాక్టరు అడిగినా?"

"డాక్టరు అడిగితేనే ముఖ్యంగా" అన్నాడు.

ఆమె తల ఊపింది. బస్సు ఎక్కినాక, డాక్టరుకే అబద్ధం చెప్పమంటే ఇంక మందు ఏం ఇస్తాడని అడిగింది.

విచారణ చేసే మనిషి ఒక వారం తర్వాత మా ఇంటికి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చేతిలో బ్యాగు, చెమటకు తడిసిన చొక్కా. కంపెనీ మనిషి అంటే బూట్లు టకటకలాడించే వాడెవడో వస్తాడనుకున్నాను. ఇతను గడప దగ్గర చెప్పులు విడిచి, నీళ్ళడిగాడు. ఆ నీళ్ళడిగిన తీరుకే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

"మీది యాడప్పా?" అంది.

"కోసిగి పక్కనక్కా."

అంతే. కోసిగి ఎమ్మిగనూరుకు దగ్గరే, ఆమె ముఖం వెలిగిపోయింది. కడపలో ఆమె మాట విని నవ్వేవాళ్ళే గాని, ఆమెలాగా మాట్లాడేవాళ్ళు దొరకరు. కోసిగి పక్కన ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఈ సారి వానలెట్లా అని మొదలుపెట్టింది. అతనూ చెప్పాడు. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యడానికి పోయేవాళ్ళమని, తాను మూటల మీద కూర్చుని చదువుకున్నానని చెప్పాడు. ఇప్పుడు ఫైలుకు ఇంత అని ఇస్తారట, ఎండలో తిరగాలట. అతను చెప్పింది అబద్ధమని నేననుకోవడం లేదు. ఆ తర్వాత జరిగినదాన్ని మరింత నీచం చేసింది అదే.

ఆమె లేచి ఉగ్గాని చేసింది. బొరుగులు తడిపి పిండి, పప్పుల పొడి వేసి, మిరపకాయ బజ్జీ కూడా. పొయ్యి దగ్గర నిలబడి మధ్య మధ్య డొక్క పట్టుకోవడం నేను చూశాను, అతనూ చూశాడు. నేను వద్దంటే, "మన ఊరి ఆయప్ప ఉత్త నోటితో పోతాడా?" అంది.

తింటూ అతను మగ్గాల సంగతి ఎత్తాడు. గుంట మగ్గమా, పై మగ్గమా? ఏ వయసులో కూర్చున్నావక్కా? నూలు కండెలు ఎవరు చుట్టేవాళ్ళు? ఆమెకు ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్నలు. గుంటలో కాళ్ళు వేలాడేసి పొద్దుగూకులూ వంగి కూర్చుంటే మోకాళ్ళు ఎట్లా తిమ్మిరెక్కేవో అభినయించి చూపించింది. అతను బజ్జీ కొరుకుతూ, మామూలుగా, చట్నీ ఇంకొంచెం వెయ్యి అన్నంత మామూలుగా అడిగాడు.

"అట్ల వంగి కూర్చుంటే కడుపులో పట్టేసేది గదక్కా?"

"మగ్గం కాడ కూర్చున్నోళ్ళకు యాడ పట్టేయదప్పా? నడుం పట్టేస్తాది, కడుపూ పట్టేస్తాది. ఎప్పుడూ ఉండేదే గదా."

ప్లేటు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, అతను బ్యాగులోంచి కాగితం తీశాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆమె చెప్పింది మగ్గం గురించి, పిత్తాశయం గురించి కాదన్నాను. అతను తలెత్తకుండా, "సార్, మీరు మాట్లాడగూడదు. అక్కనే చెప్పాల" అన్నాడు. రాసిందంతా ఇంగ్లీషులో. కింద ఒక గుర్తు పెట్టి, ఈడ సంతకం చెయ్యక్కా అన్నాడు. ఇది చదివి వినిపించు, తర్వాత చేస్తుందన్నాను నేను. చదివి వినిపించాడు, తెలుగులో, తన మాటల్లో. చిన్నప్పటి నుంచి మగ్గం పని చేసినట్టు, పనిలో ఇబ్బందులు పడినట్టు రాశానన్నాడు. నేను అద్దాలు పెట్టుకుని కాగితం అందుకునేలోగా ఆమె సంతకం చేసేసింది. ఇంటికొచ్చి తిన్న మనిషి ముందు భర్త కాగితం లాక్కుని చదవడం ఆమెకు నచ్చలేదు. పాపం ఎండలో వచ్చినాడని నన్నే మందలించింది.

పోయేటప్పుడు అతను చెప్పులు వేసుకుంటూ, "ఉగ్గాని శానా బాగుండాదక్కా. మా యమ్మ చేసినట్లే ఉండాది" అన్నాడు.

ఆ మాటను నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. కర్కశంగా మాట్లాడి, పొమ్మనిపించుకుని పోయి ఉంటే బాగుండేది. కంపెనీకి తెలుసు, ఎక్కడికి ఎవరిని పంపాలో. కడపకు కడప మనిషిని పంపలేదు. ఎమ్మిగనూరు ఆడబిడ్డ ఇంటికి కోసిగి తమ్ముణ్ణి పంపింది. ఒకవేళ అది అనుకోకుండా జరిగిందేమో. అట్లా అనుకోవడానికి ప్రయత్నించాను కూడా. కుదరలేదు.

తిరస్కరణ ఫోన్‌లో వచ్చింది. ప్రియమైన వినియోగదారుడా అని మొదలు. ఈ జబ్బు పాలసీకి ముందు నుంచీ ఉన్నదని రోగి ఆసుపత్రిలో ఒకసారి, ఇంటి వద్ద ఒకసారి స్వయంగా తెలిపినందువల్ల అనుమతి ఇవ్వలేకపోతున్నామని విచారం. త్వరగా కోలుకోవాలని ఆకాంక్ష.

ఏం రాసినారని ఆమె అడిగింది. తెలుగులో చెప్పాను. రెండోసారి కూడా చెప్పమంది. ఇంటి వద్ద అన్న చోట ఆగింది.

"ఆయప్పకు నేను తినను పెట్టినా గదా" అంది.

అరిచి ఉంటే, తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ వారమంతా ఇంటికి ఎవరొచ్చినా ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. పక్కింటావిడ ఎట్లున్నావక్కా అని పలకరిస్తే, బాగుండా అని వంటింటి తలుపు దగ్గరికి వేసింది. బాగుండా అన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

నేను అప్పీలు రాశాను. ఆ పద్ధతి కూడా పుస్తకంలోనే ఉంది. ఆ మాటకు మా ప్రాంతంలో ఏం అర్థమో, ఎవరెవరు ఎప్పుడెప్పుడు అంటారో ఉదాహరణలతో రాశాను. వేలు తెగినప్పటి సంగతి కూడా రాశాను. స్కానింగ్ మొదటిసారి తీసింది మొన్ననే అని కాగితం జతచేశాను. ఇంత శ్రద్ధగా నేను ఫ్యాక్టరీలో మెమోకు కూడా జవాబు రాయలేదు. మీ లేఖ అందింది, పరిశీలనలో ఉంది అని ఒక వాక్యం వచ్చింది. సొంతంగా పెట్టుకుని చేయిద్దామా అని ఆమెను అడిగాను. మూడేళ్ళు నిండేదానికి ఇంక శానా లేదు గదా, ఆగుదామంది. నొప్పి కూడా తగ్గిందంది. నేను నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది కాబట్టి నమ్మాను.

ఎమ్మిగనూరులో ఆమె తమ్ముడి మనవరాలికి పేరు పెడుతున్నారంటే వెళ్ళాం. తొట్టెల ముందు పాటలు పాడుతుంటే ఆమె గోడకు చేరగిలబడి, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, చలికి వణుకుతోంది. ఆమె తమ్ముడు కారు మాట్లాడాడు. మా పాలసీ ఆసుపత్రికి పోదామా అని అతను అడిగితే, పెద్దాసుపత్రికి పోనీయమన్నాను. కర్నూలు పెద్దాసుపత్రిలో జనం గురించి అందరికీ తెలుసు. మంచానికి ఇద్దరు, నేల మీద చాపలు, మెట్ల మీద అన్నం క్యారియర్లు. అనుమతి అన్న మాట మాత్రం అక్కడ వినబడలేదు. స్ట్రెచర్ మేమే తోసుకుంటూ పోయాం.

వార్డులో ఒక డాక్టరమ్మ వచ్చింది. కుర్ర డాక్టరు కాదు, వయసున్న మనిషి. జుట్టు సగం నెరిసింది. వంగి, పొట్ట మీద చెయ్యి వేసి అడిగింది.

"నొప్పి ఎప్పట్నించమ్మా?"

"ఈ పొద్దే" అంది మా ఆవిడ.

"ఈ పొద్దంటే?"

"ఈ పొద్దే మేడం. తొట్టెల కాడ."

"ముందెప్పుడూ రాలేదా?"

"ఎప్పుడూ లేదు."

నేను నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. జ్వరంతో వణుకుతున్న చేతిలో అంత బలం ఎట్లా వచ్చిందో తెలియదు. డాక్టరమ్మ ఒకసారి నన్ను, ఒకసారి ఆమెను చూసింది. కనురెప్ప కిందికి లాగి చూసింది. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. పొద్దున ఎండలో, జనంలో నేను గమనించలేదు.

"ఈ పొద్దు వచ్చిన నొప్పికి ఈ పొద్దే కండ్లు పచ్చగా కావమ్మా. దేనికి దాస్తాండావు?"

మా ఆవిడ ఆమెను ఎగాదిగా చూసి, మెల్లగా అడిగింది.

"నువ్వు ఏ కంపెనీ మేడం?"

ఆ డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కోపం వచ్చిందనుకున్నాను, కానీ మంచం అంచు మీద కూర్చుంది. కూర్చునే చోటు లేకపోయినా సర్దుకుని కూర్చుంది. "ఏ కంపెనీ కాదు. నీకు మందు ఇయ్యాలంటే నాకు తెలియాల. నువ్వు చెప్పింది నా కాడనే ఉంటాది" అంది.

అప్పుడు మా ఆవిడ చెప్పింది. నాకు కాదు, డాక్టరమ్మకు. రైల్లో వచ్చింది మొదటిదని, దానికి ముందు ఏనాడూ అట్లాంటి నొప్పి ఎరగనని చెప్పింది. మగ్గం నాటి నొప్పి వేరే, అది వెనక నుంచి వస్తాది, ఇది ముందు నుంచి వీపులోకి పోతాదని చెయ్యి పెట్టి చూపించింది. ఉగ్గాని చేసిన రోజు వంటింట్లో కింద కూర్చుని లేచానంది. తిరస్కరణ వచ్చిన తర్వాత మూడుసార్లు వచ్చిందట. నేను బజారుకు పోయినప్పుడు ఒకసారి, నేను పక్కనే నిద్రపోతున్నప్పుడు రెండుసార్లు. నోట్లో కొంగు కుక్కుకుని పడుకుందట. చెప్తే ఈయన డైరీలో రాస్తాడు, రాస్తే వాళ్ళకు తెలుస్తాదని ఊరకున్నానంది.

ఇంత స్పష్టంగా, ఇంత వరుసగా ఆమె ఒంటి సంగతి ఆమె చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. ఈ వివరాలే మొదట కావలసింది. ఆ అద్దాల ఆసుపత్రిలో ఎవరైనా మంచం మీద కూర్చుని రెండోసారి అడిగి ఉంటే ఆ రోజే వచ్చేవి.

రాయి ఒకటి జారి నాళంలో అడ్డం పడిందన్నారు. ముందు గొట్టం వేసి అది తీశారు. జ్వరం తగ్గాక పిత్తాశయం తీశారు. వారాల తరబడి అక్కడే ఉన్నాం. ఆమె కోలుకుంది. చిక్కిపోయింది గానీ కోలుకుంది. మేము ఇంకో రెండు రోజులు ఆగి వచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. నేను దాన్ని మా ఆవిడకు చెప్పలేదు.

ఆమె ఇంకా వార్డులో ఉండగానే నా అప్పీలుకు జవాబు వచ్చింది. పరిశీలన కొనసాగించడానికి ఒక వివరం కావాలట. నొప్పి ఖచ్చితంగా ఏ తేదీన మొదలైందో రోగి చేత రాయించి పంపాలట. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి చదివాను. పక్కన ఒకావిడ బిడ్డకు అన్నం కలుపుతోంది. ఫోన్‌ను విసిరెయ్యాలనిపించింది. జేబులో పెట్టుకున్నాను. ఆ జవాబు ఇవ్వలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు పాలసీ గడువు దగ్గర పడింది. మానేస్తానన్నాను. ఆమె వద్దంది. ఆవేశం లేకుండా, బియ్యం ఏరుకుంటూ చెప్పింది.

"నీకు షుగరు ఉండాది. మెట్లెక్కితే ఆయాసపడతాండావు. రేపు నీకేమన్నా అయితే?"

"అయితే పెద్దాసుపత్రికే పోదాం."

"నీకు గుండెకైతే వాళ్ళు మంచం ఖాళీ చేసేదాకా ఆగుతాదా ఏందయ్యా?"

పుస్తకం మళ్ళీ తీశాను. ఒక్క ఏడు కట్టకపోతే, ఇంతకాలం మనం ఆగిన ఏళ్ళన్నీ పోతాయి. మళ్ళీ పాలసీ తీసుకుంటే మళ్ళీ మొదటి నుంచి ఆగాలి. మనం ఆగిన కాలాన్ని వాళ్ళు తమ దగ్గర తాకట్టు పెట్టుకున్నారు. వదిలి రావడానికి కూడా వాళ్ళ అనుమతే కావాల్సిన స్థితి అది. దొంగ అని తెలిసిన వాడింటి ముందు, తాళం చెవి వాడి దగ్గరే ఉంది కాబట్టి నిలబడాలి. ఇంత అసహ్యం నాకు ఉద్యోగంలో ఎవరి మీదా పుట్టలేదు. లంచం తిన్నవాళ్ళను చూశాను, దొంగ హాజరు వేయించుకున్నవాళ్ళను చూశాను. వాళ్ళెవరూ దాన్ని సంరక్షణ అని పిలవలేదు.

బ్యాంకుకు పోయి కట్టాను. ఆ పాత ఆఫీసరే ఉన్నాడు. లేచి కుర్చీ చూపించాడు, రసీదు చేతికిచ్చాడు. అంతా ముగిశాక, చనువుగా, నవ్వుతూ, అమ్మగారి ఆరోగ్యం ఎట్లుంది సార్ అని అడిగాడు.

మామూలు మర్యాదకు అడిగిన మాటే. మా వీధిలో రోజుకు పదిమంది అడిగే మాట. అతని బల్ల మీద పెన్ను మూత తీసి ఉంది, కంప్యూటర్‌లో మా పేర్లు ఇంకా తెరిచే ఉన్నాయి. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, ఏ జవాబూ చెప్పకుండా బయటికి వచ్చేశాను.